సీటు కంటే ముందు వార్డు



డాక్టరు కావాలనుకునే పిల్లలకు, ఆ పిల్లల తల్లిదండ్రులకు సంబంధించిన సంగతి ఒకటి ఈ పూట మాట్లాడుకుందాం. వైద్య కళాశాలలో సీటు కోసం దరఖాస్తు పెట్టకముందే ఆ పిల్లలు రోగుల మధ్య, ముసలివాళ్ల మధ్య కొంతకాలం గడపాలా? గడిపితే వాళ్లకు ఒరిగేదేమిటి? ఈ ప్రశ్నకు బ్రిటన్‌లో చాలాకాలంగా ఒక సమాధానం ఆచరణలో ఉంది. గుంటూరులో, విశాఖలో, కాకినాడలో, హైదరాబాదులో వైద్యం చదివి బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు అక్కడే వైద్య విద్యకు దరఖాస్తులు పెడుతున్నారు. కాబట్టి బ్రిటన్ ముచ్చట మనకు మరీ పరాయిదేమీ కాదు. ముందు అక్కడ ఏం జరుగుతుందో చూద్దాం. ఆ తర్వాత మన ఊళ్లకు వద్దాం.

బ్రిటన్‌లో డిగ్రీ కోర్సుల దరఖాస్తులు దాదాపు అన్నీ యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా వెళతాయి. చాలా కోర్సులకు జనవరి దాకా గడువుంటుంది. వైద్యానికి మాత్రం అక్టోబరు 15తో సరి. నాలుగు వైద్య కోర్సులకు మించి ఎంచుకోవడానికి వీల్లేదు. మార్కులు బాగా రావాలి. ఎక్కువ కళాశాలలకు యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. ఇవన్నీ కాక, విద్యార్థి తన గురించి తాను రాసుకునే భాగం ఒకటి ఉంటుంది. మొత్తం 4,000 అక్షరాలు దాటకూడదు. ఒకప్పుడు అది ఒకే వ్యాసం. 2026లో కోర్సులో చేరేవాళ్లతో మొదలుపెట్టి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ చదువే ఎందుకు కావాలి? నువ్వు చదివిన చదువు నిన్ను దీనికి ఎలా సిద్ధం చేసింది? చదువు కాక బయట ఏం చేశావు, అది ఎందుకు పనికొస్తుంది? ఆ మూడో ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. ఏం చేశావు అని అడిగి ఊరుకోలేదు చూడండి. అది ఎందుకు పనికొస్తుంది అని కూడా అడిగారు. ఆసుపత్రిలో ఏం చూశావన్నది ఒక సంగతి. చూసినదాని గురించి ఏం ఆలోచించావన్నది ఇంకో సంగతి. ఈ రెండోదే అసలైనదని నా వాదన. చూసింది కొంచెమే అయినా ఫరవాలేదు. ఆలోచించకపోతే మాత్రం ఎంత చూసినా లాభం లేదు.

ముందుగా, రోగుల మధ్య గడిపిన ఈ అనుభవం అసలు ఎందుకు అడగాలి? తెలివైన పిల్లవాడు, శాస్త్రాలు బాగా చదివినవాడు చాలడా? చాలడని బ్రిటన్‌కు చాలా బాధాకరంగా తెలిసివచ్చింది. ఇంగ్లండులో స్టాఫర్డ్ అనే ఊళ్లో ఒక ఆసుపత్రి ఉంది. 2005 నుంచి 2009 వరకు అక్కడ రోగులను చూసిన తీరు మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ అనే న్యాయవాది విచారణ జరిపారు. ఆయన చివరి నివేదిక 2013 ఫిబ్రవరిలో వచ్చింది. చదివితే మనసు కలుక్కుమంటుంది. పడక మీద తడిసిన దుప్పట్లలోనే రోగులు గంటల తరబడి ఉండిపోయారు. మంచినీళ్లు ఉన్నాయి, కానీ మంచం మీది మనిషి చేతికి అందనంత దూరంలో ఉన్నాయి. అన్నం పళ్లెం పెట్టారు, తినిపించేవాళ్లు లేరు. కాసేపటికి ఆ పళ్లెం అలాగే తీసుకుపోయారు. సిబ్బంది కొరత ఉంది, ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి ఉంది, ఆ మాట నివేదికే చెప్పింది. అయినా గ్లాసును రెండడుగులు ఇటు జరపడానికి ఏ డిగ్రీ కావాలి? దప్పికతో ఉన్న మనిషి ముందునుంచి చదువుకున్న మనుషులు నడిచి వెళ్లారు. చూశారు, కానీ వాళ్ల దృష్టికి ఆనలేదు. ఫ్రాన్సిస్ చేసిన 290 సిఫార్సుల్లో ఒకటి మన సంగతికి దగ్గరిది. నర్సింగ్ చదువుకు వచ్చేవాళ్లు కనీసం మూడు నెలలు రోగుల పక్కన ఉండి, స్వయంగా సేవ చేసి ఉండాలని ఆయన అన్నారు. అది అన్నట్టుగా అంతటా అమలు కాలేదు. కానీ దాని వెనక ఉన్న ఆలోచన బలమైనది. మనిషికి సేవ చేయడం తనకు సరిపడుతుందా లేదా అన్నది సీటు వచ్చాక కాదు, రాకముందు తెలుసుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇంగ్లండులో ఓ మామూలు ఊళ్లో వృద్ధులుండే కేర్ హోమ్ ఒకటి ఉందనుకోండి. మన ఇంటర్ పిల్లల వయసువాళ్లు ఇద్దరు శనివారం శనివారం అక్కడికి వెళుతున్నారు. వాళ్లు చేసేది పెద్ద పనేమీ కాదు. టీ అందించడం, పేపరు చదివి వినిపించడం, భోజనాల బల్ల సర్దడం. అక్కడ ఒక పెద్దావిడ ఉంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ముదిరింది. మధ్యాహ్నం భోజనం పెడితే పళ్లెం తోసేస్తుంది. పిల్లలిద్దరూ రెండు మూడు సార్లు తినమని చెప్పారు. వినలేదు. ఆకలి లేదేమో అనుకున్నారు. అంతలో అక్కడ పనిచేసే కేర్ అసిస్టెంట్ వచ్చింది. ముందు ఆ పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టింది. తర్వాత పళ్లెం చూసింది. తెల్లటి పళ్లెం, అందులో తెల్లటి చేపముక్క, తెల్లటి బంగాళదుంప ముద్ద. వాటిని ఎర్రటి పళ్లెంలోకి మార్చింది. నిలబడి చెప్పకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. స్పూను ఆమె చేతిలో పెట్టి, ఊరికే కబుర్లు చెబుతూ ఉంది. పది నిమిషాల్లో ఆ పెద్దావిడ సగం భోజనం చేసింది. జరిగింది ఇంతే.

ఇద్దరు పిల్లలూ చూసింది ఒకటే. ఇప్పుడు వాళ్లు రాసింది చూద్దాం. మొదటి విద్యార్థి ఇలా రాస్తాడు. నేను ఆరు నెలలు కేర్ హోమ్‌లో పనిచేశాను, డిమెన్షియా ఉన్నవాళ్లతో మెలిగాను, దానివల్ల నాకు ఓర్పు, దయ, నలుగురితో కలిసి పనిచేసే గుణం అలవడ్డాయి. ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ మాటలు రాయడానికి కేర్ హోమ్ గడప తొక్కనక్కర్లేదు. రెండో విద్యార్థి ఇలా రాస్తుంది. ఆవిడ తిననప్పుడు నాకు విసుగొచ్చింది, ఆకలి లేదని నేనే తీర్మానించేశాను, నిజానికి ఆమెకు తిండి కనిపించడమే లేదు. కనిపించడం లేదని చెప్పడానికి ఆమెకు మాట లేదు. రేపు నేను డాక్టరునై, రోగి మందు వేసుకోవడం లేదని కేసు షీట్‌లో చూసినప్పుడు, మొండితనం అని రాసేముందు ఎందుకు వేసుకోవడం లేదో కనుక్కోవాలి. ఇది నాకు నేర్పింది డాక్టరు కాదు, అక్కడి కేర్ అసిస్టెంట్. శ్రోతలారా, ఈ ఇద్దరిలో మీ అమ్మగారికి జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి తీసుకెళతారు? ఇద్దరూ గడిపిన గంటలు సమానం. చూసిన మనిషి ఒకరే. తేడా ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, జరిగినదాన్ని నెమరు వేసుకోవడంలో ఉంది. రెండో అమ్మాయి తన విసుగును దాచుకోలేదన్నది కూడా గమనించండి. తన తప్పుడు అంచనాను తానే పట్టుకుంది. అందులోంచి రేపటికి పనికొచ్చే ఒక నడవడిక తీసుకుంది.

ఇలా నెమరు వేసుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. అమెరికాలో టెర్రీ బోర్టన్ అనే విద్యావేత్త 1970లో దీన్ని మూడు చిన్న ప్రశ్నలుగా చెప్పారు. మన మాటల్లో చెప్పుకుంటే, ఏం జరిగింది? దానివల్ల నాకేం తెలిసింది? ఇక నేనేం చేయాలి? మళ్లీ చెబుతాను. ఏం జరిగింది, నాకేం తెలిసింది, ఇక నేనేం చేయాలి. తర్వాత 1988లో గ్రాహం గిబ్స్ అనే ఆయన ఇలాంటి పద్ధతినే ఆరు మెట్లుగా చెప్పారు. బ్రిటన్‌లో నర్సింగ్ విద్యార్థులు, వైద్య విద్యార్థులు చాలామంది ఆయన పద్ధతిని వాడతారు. అందులో ఒక మెట్టు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. జరిగింది రాశాక, అప్పుడు నీ మనసులో ఏముందో రాయమంటారాయన. భయపడ్డావా, అసహ్యం వేసిందా, పారిపోవాలనిపించిందా. పుండు వాసనకు కడుపులో తిప్పిందా. మన చదువుల్లో ఈ ప్రశ్న ఎవరూ వేయరు. కానీ డాక్టరు కాబోయేవాళ్లకు ఇది చాలా అవసరం. ఎందుకంటే తనకు అసహ్యం వేసిందని ఒప్పుకోలేనివాడు ఆ రోగికి దూరంగా జరుగుతాడు, జరిగినట్టు తనకే తెలియదు. ఒప్పుకున్నవాడు రెండోసారి సరిగ్గా నిలబడగలుగుతాడు.

ఇది దరఖాస్తుతో ముగిసిపోయే వ్యవహారం కూడా కాదు. బ్రిటన్‌లో 2012 డిసెంబరు నుంచి డాక్టర్లందరూ సాధారణంగా ఐదేళ్లకోసారి తమ అర్హతను తిరిగి నిరూపించుకోవాలి. అందుకోసం ఏటా ఒక సమీక్ష ఉంటుంది. అందులో ఎన్ని కేసులు చూశారన్న లెక్క ఒక్కటే చాలదు. పొరపాట్లనుంచి, ఫిర్యాదులనుంచి, మెచ్చుకోళ్లనుంచి ఏం గ్రహించారో కూడా చూపాలి. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న సర్జన్‌కు కూడా ఇది తప్పదు. డొనాల్డ్ షోన్ అనే అమెరికన్ పండితుడు 1983లో వచ్చిన తన పుస్తకంలో, నిపుణులు పని చేస్తూనే ఆ పని గురించి ఎలా ఆలోచిస్తారో వివరంగా చర్చించారు. ఆయన ఆలోచన ఎన్నో వృత్తుల శిక్షణను మార్చింది. పదిహేడేళ్ల పిల్లను నోట్‌బుక్కులో రాసుకోమనడం అంటే, జీవితమంతా చేయవలసిన పనికి చిన్నప్పుడే చేయి అలవాటు చేయించడం.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, బలమైనవే ఉన్నాయి. మొదటి అభ్యంతరం న్యాయానికి సంబంధించింది. నాన్న డాక్టరైతే ఆసుపత్రి తలుపు ఒక్క ఫోను కాల్‌తో తెరుచుకుంటుంది. నాన్న బస్సు డ్రైవరైతే ఎవరిని అడగాలి? ఈ అభ్యంతరం ఊహలోంచి పుట్టింది కాదు. బ్రిటన్ వైద్య కళాశాలల మండలి 2014లో ఒక నివేదిక వెలువరించింది. అంతకుముందు కొన్నేళ్లలో దేశంలోని దాదాపు సగం పాఠశాలలు, కళాశాలల నుంచి వైద్య విద్యకు ఒక్క దరఖాస్తు కూడా రాలేదని అందులో తేలింది. అంటే సగం బడుల్లో పిల్లలు అసలు ఆ వైపే చూడలేదు. అలాంటప్పుడు ఆసుపత్రి అనుభవం తెమ్మనడం ఉన్నవాళ్లకే పీట వేయడం కాదా? అవును, ఆసుపత్రి అనుభవమే కావాలని పట్టుబడితే అలాగే అవుతుంది. అందుకే ఆ మండలి తన మాట స్పష్టంగా చెప్పింది. ఆపరేషన్ థియేటర్లో నిలబడి ఉండనక్కర లేదంది. మనుషులతో మెలిగే పని ఏదైనా సరే, జీతానికి చేసినా ఊరికే చేసినా సరే, దాన్నుంచి ఏం నేర్చుకున్నావో చెప్పగలిగితే చాలంది. 2020లో కోవిడ్ వచ్చి ఆసుపత్రులు సందర్శకులకు తలుపులు మూసేసినప్పుడు ఈ మాట మరింత గట్టిపడింది. బ్రైటన్ అండ్ సస్సెక్స్ వైద్య కళాశాల ఇంట్లో కూర్చునే చూడగలిగే అనుభవ పాఠాన్ని ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. అక్కడి జనరల్ ప్రాక్టీషనర్ల రాయల్ కాలేజీ కూడా అబ్జర్వ్ జీపీ అనే పేరుతో పదహారేళ్లు నిండిన విద్యార్థులకు ఉచిత వీడియోలు అందిస్తోంది. వీటితో అసమానత పూర్తిగా పోయిందని నేను అనను. కానీ ఒక్కటి గమనించండి. అనుభవం ఎంత గొప్పచోట దొరికిందన్నది పక్కనపెట్టి, దాని గురించి ఏం ఆలోచించావన్నది ముందుకు తెచ్చిన కొద్దీ, బస్సు డ్రైవరు కూతురికి, సర్జన్ కొడుక్కి మధ్య దూరం తగ్గుతుంది. పక్షవాతం వచ్చిన తాతకు రెండేళ్లు అన్నం తినిపించిన పిల్లకు, ఆసుపత్రిలో వారం రోజులు గోడకానుకుని నిలబడిన పిల్లవాడి కంటే చెప్పడానికి ఎక్కువే ఉండవచ్చు.

రెండో అభ్యంతరం ఇది. ఆలోచించినట్టు నటించవచ్చు కదా? డబ్బిస్తే రాసిపెట్టేవాళ్లు ఉంటారు, నేర్పే కోచింగులు ఉంటాయి. నిజమే, ఉన్నాయి. పైగా ఇంకో నిజం కూడా చెప్పాలి. వైద్య విద్యలో ఎంపిక పద్ధతులు ఎంతవరకు పనిచేస్తాయో పరిశీలించిన ఒక విస్తృత సమీక్ష 2016లో మెడికల్ ఎడ్యుకేషన్ పత్రికలో వచ్చింది. ఫియోనా పాటర్సన్, ఆమె సహచరులు చేసిన పని అది. విద్యార్థి తన గురించి రాసుకునే వ్యాసం, పెద్దలిచ్చే సిఫార్సు లేఖలు ఎంపికకు అంత నమ్మదగినవి కావని వాళ్లు తేల్చారు. వాటికంటే మార్కులు, సందర్భాన్ని బట్టి ఏం చేస్తావో అడిగే పరీక్షలు, అనేక చిన్న ఇంటర్వ్యూలు మెరుగని చూపించారు. ఈ చిన్న ఇంటర్వ్యూల పద్ధతి కెనడాలో హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఒకే గదిలో ఒకే బృందం ముందు కూర్చోబెట్టకుండా, విద్యార్థిని ఒక గది తర్వాత ఒక గదికి పంపుతారు. ప్రతిచోటా కొద్ది నిమిషాలే. ఒకచోట కోపంతో ఉన్న రోగి బంధువుగా నటించే మనిషి ఉండవచ్చు. ఇంకోచోట, నువ్వు చూసినవాటిలో నిన్ను ఇబ్బంది పెట్టిన సంఘటన చెప్పమనవచ్చు. చెప్పాక, ఆ నర్సు అలా ఎందుకు చేసి ఉంటుంది అని అడగవచ్చు. బట్టీ పట్టినవాడు మొదటి ప్రశ్నకు జవాబిస్తాడు. రెండో ప్రశ్నకు తడబడతాడు, మూడోదానికి చేతులెత్తేస్తాడు. ఇక్కడ కూడా కొందరు తప్పించుకుపోతారు, అది ఏ పరీక్షకైనా ఉన్నదే. అయితే ఆ సమీక్ష నాకు ఇంకో సంగతి చెబుతోంది. వ్యాసం ఎంపికదారుకు పెద్దగా ఉపయోగపడకపోతే, దానికోసం పడిన శ్రమ ఎవరికి ఉపయోగపడాలి? రాసిన విద్యార్థికి. సంతకం పెట్టించుకున్న సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతే అదీ దక్కదు. ఈ అనుభవం సీటిచ్చేవాళ్లకు చూపించుకోవడానికి కాదు. ఈ దారిలో నేను వెళ్లగలనా అని తనను తాను అడిగి చూసుకోవడానికి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది ముఖ్యంగా అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్ల కుటుంబాలకు. అమెరికాలో వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో పదిహేను అనుభవాల దాకా రాయవచ్చు. వాటిలో ఎంతో అర్థవంతమైనవని మూడింటిని ఎంచుకుని, అవి ఎందుకు అంతటివో విడిగా వివరించవచ్చు. ఆ పట్టిక నింపడం కోసం సెలవుల్లో పిల్లల్ని ఇండియాకు, మేనమామ గారి నర్సింగ్ హోమ్‌కు పంపాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. వచ్చి చూస్తే మంచిదే. కానీ అక్కడ చనువు కొద్దీ ఆ పిల్లవాడికి గ్లవ్స్ తొడిగి, ఇంజెక్షను చేయనిచ్చి, కుట్లు వేయనిస్తే అది అనుభవం కాదు, అపచారం. బర్మింగ్‌హామ్‌లోనో డాలస్‌లోనో రోగి మీద చేయకూడని పనిని గుంటూరు రోగి మీద చేయడానికి ఏ న్యాయం ఒప్పుకుంటుంది? పేదరోగి కాదనలేడు. డాక్టరు గారి మేనల్లుడంటే ఏం కాదంటాడు? అమెరికా వైద్య కళాశాలల సంఘం కూడా, విదేశాల్లో విద్యార్థులు తమ శిక్షణకు మించిన పనులు చేయకూడదని మార్గదర్శకాలు పెట్టింది. అలాంటివి గొప్పగా చెప్పుకుంటే ఎంపికదారుల దృష్టిలో అది లోపమే అవుతుంది. వచ్చిన పిల్లవాడు ఒక మూల కూర్చుని చూడాలి. చూడడానికి కూడా రోగి అనుమతి అడగాలి. ఈ అబ్బాయి డాక్టరు కాడు, చదువుకోబోతున్నాడు, ఇక్కడ ఉండవచ్చా అని తెలుగులో, నెమ్మదిగా అడగాలి. వద్దంటే బయటికి రావాలి. నోట్‌బుక్కులో రోగి పేరు, ఊరు, గుర్తుపట్టగలిగే ఏ వివరమూ ఉండకూడదు. రోగి వద్దన్నందుకు బయటికి రావలసి వచ్చిన సందర్భమే ఆ పిల్లవాడు ఆ వేసవిలో రాసుకోదగ్గ అన్నింటికంటే మంచి పేజీ కావచ్చు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. మన దగ్గర ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకును బట్టి వస్తుంది. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ, 720 మార్కులు. నువ్వు ఎప్పుడైనా రోగిని చూశావా అని ఎవరూ అడగరు. ఇంటర్వ్యూ లేదు, వ్యాసం లేదు. ఇలా ఉండడంలో ఒక మేలు ఉందని నేను ఒప్పుకుంటాను. లక్షల మంది రాసే పరీక్షలో ఇంటర్వ్యూలు పెడితే పైరవీలకు దారి దొరుకుతుంది. ర్యాంకుకు మొహమాటం లేదు. కాబట్టి బ్రిటన్ పద్ధతిని ఇక్కడికి తెచ్చిపెట్టమని నేను అనడం లేదు. నేననేది వేరు. అక్కడ ఆ ప్రశ్న కళాశాల అడుగుతుంది. ఇక్కడ ఎవరూ అడగరు కాబట్టి, మనల్ని మనమే అడగాలి. ఎకరం పొలం కొనేముందు గట్టుమీద నిలబడి చూస్తాం. నీళ్లు ఎటునుంచి వస్తాయో అడుగుతాం, పక్క రైతును కనుక్కుంటాం. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. ఆ తర్వాత పీజీ సీటు కోసం మళ్లీ పోటీ. అసలు ఎంబీబీఎస్ సీటుకు ముందే లాంగ్ టర్మ్ కోచింగుల్లో ఏళ్లు పోసేవాళ్లు ఉన్నారు. మేనేజ్‌మెంట్ సీటు కోసం ఆస్తులమ్మేవాళ్లు ఉన్నారు. అంతటి నిర్ణయాన్ని ఒక్క పూట కూడా వార్డు చూడకుండా తీసుకుంటున్నాం.

దానికో జవాబు ఉంది కదా అంటారు. 2019 నుంచి మన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మారింది. చేరగానే ఫౌండేషన్ కోర్సు ఉంటుంది. మొదటి ఏడాది నుంచే రోగుల్ని చూపిస్తారు. నడవడిక, నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పే పాఠాలున్నాయి, వాటి మీద తమ ఆలోచనలు రాసుకోమంటారు. ఇది చాలా మంచి మార్పు, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ అవన్నీ సీటు వచ్చాక. ఫీజు కట్టాక, బంధువులకు స్వీట్లు పంచాక. అప్పుడు ఆ పిల్లకు ఇది నాకు సరిపడదని తెలిస్తే ఎవరితో చెప్పుకుంటుంది? వెనక్కి రావడానికి దారే కనిపించదు. మరో జవాబు కూడా వింటాం. ఇంటర్ పిల్లలకు టైమెక్కడిది? తెల్లవారకముందే స్టడీ అవరు, రాత్రి పది దాకా క్లాసులు, ఆదివారం పరీక్ష. వాళ్లను ఆసుపత్రికి ఎప్పుడు పంపమంటారు? ఇది సాకు కాదు, నిజమైన కష్టం. దీనికి నా సమాధానం, ఇంటర్లో వద్దు. ఇంటర్‌కు ముందే.

పదో తరగతి పరీక్షలు అయిపోయాక, ఇంటర్ క్లాసులు మొదలయ్యేలోపు కొన్ని వారాలు దొరుకుతాయి. బైపీసీ తీసుకోవాలా, ఎంపీసీ తీసుకోవాలా అని ఇళ్లల్లో చర్చ నడిచేది అప్పుడే. ఆ వారాల్లో ఒక పదిరోజులు చాలు. మీ మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటుంది. అక్కడి మెడికల్ ఆఫీసరు గారిని ముందుగా కలిసి, సంగతి చెప్పి, అనుమతి అడగండి. ఆయన కుదరదంటే విసుక్కోవద్దు, ఆయన ఇబ్బందులు ఆయనకుంటాయి. ఒప్పుకుంటే, లోపలికే వెళ్లాలని పట్టుబట్టకండి. ఓపీ చీటీల దగ్గర క్యూ ఎలా కదులుతుందో చూడడం, మందుల కిటికీ దగ్గర నిలబడి వినడం కూడా పాఠమే. రోజుకు మూడు పూటలు అని చీటీలో రాసి ఉంటుంది. పొద్దున్నే కూలికి వెళ్లి రాత్రికి వచ్చే మనిషి మధ్యాహ్నం మాత్ర ఎప్పుడు వేసుకుంటుంది? అది కిటికీ బయట నిలబడినవాళ్లకే తెలుస్తుంది. ఆశా కార్యకర్తతో కలిసి నాలుగిళ్లు తిరిగే వీలుంటే ఇంకా మంచిది. బీపీ మాత్ర ఎందుకు మానేశావమ్మా అని ఆమె అడిగే తీరు, దానికొచ్చే జవాబు, ఆ జవాబు విని ఆమె కోప్పడకుండా మాట మార్చే నేర్పు, ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. ఆరోగ్య కేంద్రం కుదరకపోతే వృద్ధాశ్రమం ఉంది. అదీ కుదరకపోతే, ఇంట్లో నాయనమ్మ మందుల పెట్టె ఉంది. పదిరోజులు ఆ మాత్రల బాధ్యత మనవడికి అప్పగించండి. ఏ మాత్ర ఎందుకో, ఏది అన్నానికి ముందో, ఆమె ఏది తప్పించుకోవాలని చూస్తుందో, ఎందుకు చూస్తుందో వాడే కనుక్కోవాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు సాయంత్రం ఇంటికి వచ్చాక, ఎన్ని కేసులు చూశావురా అని అడక్కండి. ఈ రోజు నీకు ఇబ్బందిగా అనిపించింది ఏమిటి అని అడగండి. ఎవరు ఏ పని చేశారు, డాక్టరు కాక ఇంకెవరు రోగికి మేలు చేశారు అని అడగండి. చెప్పింది ఒక నోట్‌బుక్కులో ఆ రాత్రే రాయమనండి. తెలుగులోనే రాయనివ్వండి, తప్పులు దిద్దకండి. ఏం జరిగింది, నాకేం తెలిసింది, ఇక నేనేం చేయాలి, అంతే. అది మీరు చదవడానికి కాదు, వాడు చదువుకోవడానికి. పదో రోజున ఆ నోట్‌బుక్కు మొదటినుంచి ఒకసారి చదువుకోమనండి. కొందరు పిల్లలు అప్పుడు, నాకిది కావాలి అంటారు. వాళ్లకు ఆ తర్వాత రెండేళ్ల బయాలజీ వేరుగా కనిపిస్తుంది, ఎందుకంటే కిడ్నీ అన్నప్పుడల్లా వాళ్లకు ఒక ముఖం గుర్తొస్తుంది. కొందరు, రోగులకు సేవ చేయాలని ఉంది గానీ డాక్టరుగా కాదు అంటారు. వాళ్లకు నర్సింగ్ ఉంది, ఫిజియోథెరపీ ఉంది, ల్యాబ్ ఉంది, ఫార్మసీ ఉంది. కొందరు, నా వల్ల కాదు అనే చెబుతారు. అప్పటికి గ్రూపు ఇంకా తీసుకోలేదు, ఫీజు కట్టలేదు. దరఖాస్తులో బైపీసీకి బదులు ఇంకో గ్రూపు రాస్తే సరిపోతుంది.